లగేజెస్ అన్నందుకు నవ్వారు అక్కా

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. టెన్త్ దాకా తెలుగు మీడియమే, డిగ్రీ కూడా ఎట్లాగో గట్టెక్కింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌లో హౌస్‌కీపింగ్‌లో చేస్తున్నా, మూడు నెలల కింద ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని చేశారు. పని నాకు కొట్టిన పిండి, కానీ మెయిల్ రాయాలంటే చేతులు ఆడవు. పోయిన వారం ఒక గెస్ట్ బ్యాగులు కనబడక నేను రాసిన మెయిల్‌ని మీటింగ్‌లో స్క్రీన్ మీద పెట్టి అందరి ముందు చదివారు, లగేజెస్, స్టాఫ్స్, ఫర్నిచర్స్ అని వచ్చిన చోటల్లా ఒకాయన నవ్వాడు. తల కొట్టేసినట్టయింది. బ్యాగులు బెల్ డెస్క్ (గెస్ట్‌ల సామాను చూసుకునే చోటు) దగ్గరే దొరికాయి, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, నా లగేజెస్ మాత్రం అందరికీ గుర్తుంది. పెద్ద పెద్ద మాటలు రాకపోతే పోనీ, రోజూ చేత్తో పట్టుకునే వస్తువుల పేర్లు కూడా తప్పు రాస్తున్నానా? గ్రామర్ పుస్తకం కొన్నా, ఇరవై పేజీలు దాటలేకపోయా. ఆ మెయిల్ కింద పెడుతున్నా. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పు అక్కా.

జవాబు: చెల్లీ, ముందు ఆ నవ్వు సంగతి చెప్తా. ఆయన నవ్వడం తప్పు, అది నువ్వు మనసులో పెట్టుకోకు. నువ్వు చేసింది తెలివితక్కువ తప్పు కాదు, తెలుగులో లెక్కపెట్టే వాటిని ఇంగ్లీష్‌లో కూడా లెక్కపెట్టావు, అంతే. మనం సామాన్లు అంటాం, సలహాలు అంటాం, పనులు అంటాం, వార్తలు అంటాం, అన్నీ బహువచనాలే, మరి ఇంగ్లీష్‌లోకి వెళ్ళేటప్పుడు చివర ఒక ఎస్ తగిలించడం సహజమే కదా. ఫ్రెంచి వాళ్ళ భాషలో సమాచారానికి, సలహాకి, ఇంట్లో సామానుకి అన్నిటికీ బహువచనం ఉంది, అందుకని ఇంగ్లీష్ నేర్చుకునేటప్పుడు వాళ్ళూ ఇన్ఫర్మేషన్స్, అడ్వైసెస్ అనే రాస్తారు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీష్ చెప్తున్నా, ఈ తప్పు చేయకుండా నేర్చుకున్న మనిషిని నేను ఒక్కరిని కూడా చూడలేదు.

అసలు ఒక వస్తువుని లెక్కపెట్టాలా వద్దా అనేది ఆ వస్తువులో ఉండదు, భాషలో ఉంటుంది. చిన్నప్పుడు తెలుగు వ్యాకరణంలో నిత్య బహువచనం, నిత్య ఏకవచనం అని చదువుకున్నాం గుర్తుందా? పాలు విరిగాయి అంటాం, పాలు విరిగింది అనం. నీళ్ళు వచ్చాయి అంటాం. అదే పెరుగైతే పులిసింది, నూనె అయిపోయింది. పాలెందుకు బహువచనం, పెరుగెందుకు ఏకవచనం అని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు లేదు, చిన్నప్పటి నుంచి చెవిన పడి అట్లా వంటబట్టింది. ఒక ఇంగ్లీష్ ఆయన తెలుగు నేర్చుకుంటే పాలు విరిగింది అంటాడు, ఎందుకంటే వాళ్ళకి మిల్క్, వాటర్ ఎప్పుడూ ఏకవచనమే. మనకి లగేజ్ ఎట్లాగో ఆయనకి పాలు అట్లాగ.

ఇప్పుడు నీ పనిలోకే వద్దాం. నీ ట్రాలీ మీద, నీ ఫ్లోర్ మీద ఉండే మాటలు ఒకసారి చూడు, ఫర్నిచర్, లగేజ్, లినెన్, లాండ్రీ, కట్లరీ, క్రాకరీ, స్టేషనరీ, ఎక్విప్‌మెంట్, గెస్ట్ వదిలేసిపోయిన జ్యుయెలరీ. ఇవన్నీ గుంపు పేర్లు. ఒక్క వస్తువు పేరు కాదు, ఒక రకం వస్తువులన్నిటికీ కలిపి పెట్టిన పేరు. ఇంగ్లీష్ ఇట్లాంటి గుంపు పేర్లని చాలావరకు లెక్కపెట్టదు, రాశి పోసిన ధాన్యంలాగా చూస్తుంది, కాబట్టి ముందు ఎ రాదు, చివర ఎస్ రాదు, వెనకాల ఈజ్ వస్తుంది. గుంపులోంచి విడి వస్తువుని బయటికి తీశావనుకో, అప్పుడు హాయిగా లెక్కపెట్టుకోవచ్చు. ఫర్నిచర్‌కి ఎస్ లేదు కానీ చెయిర్స్, టేబుల్స్ ఉన్నాయి. లగేజ్‌కి లేదు, బ్యాగ్స్, సూట్‌కేసెస్ ఉన్నాయి. కట్లరీకి లేదు, స్పూన్స్, ఫోర్క్స్ ఉన్నాయి. స్టేషనరీకి లేదు, పెన్స్, ఎన్వలప్స్ ఉన్నాయి. మనీకి లేదు, నోట్స్, కాయిన్స్ ఉన్నాయి. నీ హోటల్ పనిలో తప్పులు ఎక్కువ పడ్డాయంటే కారణం కూడా ఇదే, హౌస్‌కీపింగ్‌లో సగం మాటలు గుంపు పేర్లే. (లినెన్‌కి మాత్రం అమెరికా వాళ్ళు లినెన్స్ అని కూడా వాడతారు, అది చూసి కంగారుపడకు.)

మరి రెండు లగేజ్‌లు ఉన్నాయని ఎట్లా చెప్పాలి అంటావు. తెలుగులో నీకు తెలియకుండానే ఆ పని రోజూ చేస్తున్నావు, వంటింట్లోకి వెళ్ళి చూడు. రెండు బెల్లాలు అంటావా? అనవు, రెండు బెల్లం గడ్డలు అంటావు. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అల్లం ముక్క, ఉప్పు కల్లు, కొబ్బరి చిప్ప, అన్నం మెతుకు. లెక్కకి రాని దాన్ని లెక్కలోకి తేవడానికి మనకి గడ్డ, రెబ్బ, ముక్క, కల్లు, చిప్ప, మెతుకు ఉన్నాయి. ఇంగ్లీష్‌లో కూడా అచ్చం అదే పద్ధతి. టూ పీసెస్ ఆఫ్ లగేజ్. ఎ క్లోవ్ ఆఫ్ గార్లిక్ అంటే వెల్లుల్లి రెబ్బ. ఎ గ్రెయిన్ ఆఫ్ రైస్ అంటే బియ్యపు గింజ. ఎ స్లైస్ ఆఫ్ బ్రెడ్, ఎ షీట్ ఆఫ్ పేపర్. సబ్బు దగ్గర తేడా వస్తుంది, మనం రెండు సబ్బులు అంటాం కాబట్టి టూ సోప్స్ అని నోటికొచ్చేస్తుంది, టూ బార్స్ ఆఫ్ సోప్ అను. సలహాకి, వార్తకి, సమాచారానికి కూడా పీస్ పనికొస్తుంది, ఎ పీస్ ఆఫ్ అడ్వైస్, ఎ పీస్ ఆఫ్ న్యూస్. ఎ గుడ్ న్యూస్ అనొద్దు, గుడ్ న్యూస్ అంటే చాలు. న్యూస్ చివర ఎస్ చూసి ఆర్ పెడతారు కొందరు, ద న్యూస్ ఈజ్ గుడ్ అనే రాయి. పాత రోజుల్లో ఇంగ్లీష్ వాళ్ళే దాన్ని బహువచనంగా వాడేవాళ్ళు, తర్వాత ఏకవచనం అయిపోయింది. ఇంకో సంగతి చెప్తా, బఠానీకి వాళ్ళ పాత మాట పీజ్, అది రైస్ లాగా గుంపు పేరు, కానీ చివర్లో జ్ వినబడేసరికి జనం అది బహువచనం అనుకుని అందులోంచి పీ అనే ఏకవచనం పుట్టించుకున్నారు. పుట్టి పెరిగిన వాళ్ళే తమ మాటని తప్పు లెక్కపెట్టారు, ఇవాళ అదే సరైన ఇంగ్లీష్.

ఒక్క మాటే లెక్కకి వస్తే ఒక అర్థం, రాకపోతే ఇంకో అర్థం ఇచ్చేవి ఉన్నాయి, ఇవి నీకు డ్యూటీలో బాగా పనికొస్తాయి, హెయిర్ తీసుకో. మనకి జుట్టు వేరు, వెంట్రుక వేరు. ఇంగ్లీష్‌లో రెండింటికీ హెయిర్ ఒక్కటే, తేడా అంతా ముందున్న చిన్న ఎ లో ఉంది. గెస్ట్ ఫోన్ చేసి దేర్ ఈజ్ ఎ హెయిర్ ఆన్ ద పిల్లో అన్నాడంటే దిండు మీద ఒక వెంట్రుక ఉందని. దేర్ ఈజ్ హెయిర్ ఇన్ ద షవర్ అన్నాడంటే అక్కడ జుట్టు పేరుకుపోయి ఉంది, క్లీనింగ్ జరగలేదు అని. రెండోది పెద్ద కంప్లైంట్. ఆ ఎ విన్నావా లేదా అనేదాన్ని బట్టి నువ్వు ఒక టిష్యూ పట్టుకుని వెళ్ళాలా, మనిషిని తీసుకెళ్ళాలా అనేది తేలుతుంది. మై హెయిర్స్ ఆర్ ఫాలింగ్ అని మనవాళ్ళు ఎక్కువగా అంటారు, మై హెయిర్ ఈజ్ ఫాలింగ్ అవుట్ అనాలి, రాలేది జుట్టు కాబట్టి. దిండు మీద టూ హెయిర్స్ అంటే మాత్రం రైటే, వెంట్రుకలు లెక్కపెడుతున్నావు కాబట్టి.

ఐరన్ అంటే ఇనుము, యాన్ ఐరన్ అంటే ఇస్త్రీ పెట్టె. చికెన్ అంటే కోడి మాంసం, ఎ చికెన్ అంటే మొత్తం కోడి. దేర్ ఈజ్ నో రూమ్ అంటే చోటు లేదు, వీ హావ్ నో రూమ్స్ అంటే గదులు ఖాళీ లేవు. వర్క్ అంటే పని, వర్క్స్ అంటే ఫ్యాక్టరీ అనో ఒక ఆర్టిస్ట్ వేసిన బొమ్మలనో అర్థం వస్తుంది, అందుకే నాకు చాలా పనులున్నాయి అనడానికి ఐ హావ్ మెనీ వర్క్స్ కుదరదు, ఐ హావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్ అనాలి. కాఫీ, టీ లెక్కకి రానివే అయినా ఆర్డర్ చెప్పేటప్పుడు టూ కాఫీస్ అంటే ఎవరూ తప్పుపట్టరు, మనం రెండు కాఫీలు అన్నట్టే.

బట్టల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. క్లాత్ అంటే గుడ్డ, క్లాత్స్ అంటే తుడుచుకునే గుడ్డలు. గెస్ట్ ఉతకడానికి ఇచ్చిన ఖరీదైన చొక్కాలని యువర్ క్లాత్స్ ఆర్ రెడీ అంటే ఆయన ఏమనుకుంటాడో ఆలోచించు. ఒంటి మీద వేసుకునేవి క్లోత్స్, పలికేటప్పుడు దాదాపు క్లోజ్ అని వినబడుతుంది, దానికి ఏకవచనం లేదు, ఒక్కటే ఉంటే ఎ షర్ట్ అనో ఎ డ్రెస్ అనో చెప్పాలి. పాంటు కూడా అంతే, రెండు కాళ్ళు కాబట్టి వాళ్ళకి అది ఎప్పుడూ జతే, ట్రౌజర్స్, ఎ పెయిర్ ఆఫ్ ట్రౌజర్స్. పాంట్స్ అంటే బ్రిటన్‌లో లోపలి బట్టలని అర్థం, కాబట్టి ట్రౌజర్స్ అనడమే మేలు. కళ్ళజోడు, కత్తెర కూడా ఈ జాతే, గ్లాసెస్, సిజర్స్. గల్ఫ్ వెళ్ళే ముందు నా దగ్గర మూడు నెలలు నేర్చుకున్న ఒక ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఉన్నాడు, మన దగ్గర ఎలక్ట్రీషియన్‌లందరూ కటింగ్ ప్లేయర్ అంటారు కదా, వాడు అక్కడ స్టోర్‌లో గివ్ వన్ ప్లేయర్ అని అడిగితే ఇచ్చే ఆయనకి అస్సలు అర్థంకాలేదట, చివరికి వేలితో చూపించి తీసుకున్నాడట. అది ప్లయర్స్, ఎ పెయిర్ ఆఫ్ ప్లయర్స్. పని బ్రహ్మాండంగా వచ్చిన కుర్రాడు ఒక మాట దగ్గర అట్లా నిలబడిపోయాడని వింటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, గ్రామర్ పుస్తకంలో దొరకదు. కొన్ని ఇంగ్లీష్ మాటలు మన తెలుగులోకి వచ్చి అర్థం మార్చుకున్నాయి, మనం వాటిని ఇంగ్లీష్ అనుకునే వాడేస్తాం. చలికాలం గెస్ట్ బ్లాంకెట్ అడిగితే ఐ విల్ బ్రింగ్ ఎ రగ్ అన్నావనుకో, మనకి రగ్గు అంటే కప్పుకునేది, వాళ్ళకి మామూలుగా రగ్ అంటే నేల మీద పరిచేది. మగ్ అడిగితే బాత్రూమ్ మగ్గు పట్టుకెళ్ళకు, ఆయన కాఫీ తాగే పెద్ద కప్పు అడుగుతున్నాడు. కవర్ అంటే మనకి ప్లాస్టిక్ సంచి, వాళ్ళకి అది బ్యాగ్, మీ రెస్టారెంట్ వాళ్ళైతే కవర్స్ అంటే ఎంతమంది భోంచేశారు అనే లెక్క. రబ్బర్ అనే మాట అమెరికన్ గెస్ట్‌ల దగ్గర వాడకు, అక్కడ దానికి వేరే అర్థం ఉంది, ఎరేజర్ అను. గీజర్‌ని వాటర్ హీటర్ అంటే ఏ దేశం వాళ్ళకైనా తెలుస్తుంది. కరెంట్ పోయిందంటే ద పవర్ ఈజ్ అవుట్. వీటిని మన వాళ్ళ మధ్య వాడుకోవడంలో తప్పేమీ లేదు, అవి ఇప్పుడు తెలుగు మాటలే. కో-బ్రదర్, కజిన్ బ్రదర్ కూడా అంతే, తోడల్లుడికి ఇంగ్లీష్‌లో ప్రత్యేకంగా మాట లేదు, మన దేశంలో కో-బ్రదర్ అంటే అందరికీ తెలుసు, బయట వాళ్ళకి మాత్రం మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్ అని విడమర్చి చెప్పాల్సిందే.

ఎ, యాన్ సంగతి కూడా అడుగుతావని తెలుసు. అక్షరం చూసి కాదు, పలికే శబ్దాన్ని బట్టి పెట్టాలి. దీనికి తెలుగు లిపి చాలా బాగా పనికొస్తుంది, ఆ మాటని తెలుగులో రాసుకో, అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. అవర్ అచ్చు, యాన్ అవర్. యూనిఫామ్‌లో మొదటిది య, హల్లు, ఎ యూనిఫామ్. ఎమ్మెల్యే అచ్చు, యాన్ ఎమ్మెల్యే. వన్ వే వ తో మొదలవుతుంది, ఎ వన్ వే రోడ్. ఒకటే జాగ్రత్త, మనలో చాలామంది ఎగ్‌ని యెగ్ అని, ఆపిల్‌ని యాపిల్ అని అంటారు, అట్లా పలికినా, రాసినా లెక్క తప్పుతుంది.

ద ఎక్కడ పెట్టాలో అనేది పెద్ద కథ, ఈ ఒక్క ఉత్తరంలో అవ్వదు, కానీ మొదటి మెట్టు మన అమ్మమ్మలే చెప్పారు. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి చెప్పేటప్పుడు ఒక, ఎదుటివాడికి తెలిశాక ఆ. ఎ గెస్ట్ కాల్డ్. ద గెస్ట్ వాంట్స్ టూ టవల్స్. ఇప్పటికి ఇది చాలు.

మన వైపు ఎక్కువ వినబడే తప్పులు ఇంకో రెండు చెప్పేస్తా. వన్ ఆఫ్ మై ఫ్రెండ్ అనొద్దు, నా ఫ్రెండ్స్‌లో ఒకరు అని తెలుగులో అనుకుని చూడు, ఫ్రెండ్స్ దానంతటదే వస్తుంది. చిల్డ్రన్ అంటేనే పిల్లలు, దానికి మళ్ళీ ఎస్ వద్దు, చిల్డ్రన్స్ డేలో కనబడే ఎస్ పిల్లల యొక్క దినం అనేదానిలో యొక్క లాంటిది, బహువచనం కాదు. ఇక పది రూపాయల నోటుకి మాత్రం మనం బహువచనం వాడతాం, వాళ్ళు ఎ టెన్ రూపీ నోట్ అని ఏకవచనం వాడతారు, అదీ గుర్తుపెట్టుకో.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్నావు. ఆ గ్రామర్ పుస్తకం పక్కన పెట్టు. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని వారానికి పది మాటలు, నీ ట్రాలీ మీదవే రాసుకో, కానీ లగేజ్ అంటే సామాను అని రాయొద్దు, అట్లా రాస్తే మళ్ళీ లగేజెస్‌కే వస్తావు. ద లగేజ్ ఈజ్ ఇన్ ద లాబీ అని వాక్యం మొత్తం రాయి, ముందు వచ్చే చిన్న మాట, వెనకాల వచ్చే ఈజ్ ఆర్ లతో సహా. పెళ్ళికూతురిని చూడ్డానికి వెళ్తే ఇంట్లో వాళ్ళందరినీ చూస్తాం కదా, మాటని కూడా దాని చుట్టాలతో కలిపే తెలుసుకోవాలి. డౌట్ వస్తే ఫోన్‌లోనే కేంబ్రిడ్జ్ డిక్షనరీ తెరువు, మాట పక్కన సీ అని ఉంటే లెక్కపెట్టొచ్చు, యూ అని ఉంటే కుదరదు, రెండూ ఉంటే రెండు రకాలుగానూ వాడొచ్చని, చాలాసార్లు అర్థం కూడా మారుతుంది, హెయిర్ లాగా. ఈ గుర్తులు పుట్టుకతో ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళ కోసం కాదు. ఏ.ఎస్. హార్న్‌బీ అనే ఆయన జపాన్‌లో ఇంగ్లీష్ చెప్తూ తయారుచేసి 1942లో అక్కడే అచ్చైన డిక్షనరీలో నామవాచకాలకి ఇట్లా లెక్క గుర్తులు పెట్టారు. జపనీస్‌లో ఎ, ద లు లేవు, మన ల, లు లాంటి బహువచనం కూడా తప్పనిసరి కాదు. అంటే మనలాంటి వాళ్ళకి ఇది కష్టమని ఎనభై ఏళ్ళ కిందే టీచర్లకి తెలుసు.

ఇక నీ మెయిల్. టూ లగేజెస్ ఆఫ్ 312 గెస్ట్ ఈజ్ నాట్ ఫౌండ్, ఐ ఆస్క్డ్ ఆల్ స్టాఫ్స్, నో ఇన్ఫర్మేషన్స్ కేమ్, వీ చెక్డ్ అండర్ ఆల్ ఫర్నిచర్స్, ప్లీజ్ గివ్ యాన్ అడ్వైజ్ అని రాశావు. విషయం మొత్తం ఉంది చూడు, ఏం పోయింది, ఎవరిది, ఎవరిని అడిగావు, ఎక్కడ వెతికావు, ఏం కావాలి, ఒక్కటి కూడా వదల్లేదు. దీన్నే ఇట్లా రాయొచ్చు: టూ బ్యాగ్స్ బిలాంగింగ్ టు ద గెస్ట్ ఇన్ రూమ్ 312 ఆర్ మిస్సింగ్. ఐ హావ్ ఆస్క్డ్ ఆల్ ద స్టాఫ్ బట్ గాట్ నో ఇన్ఫర్మేషన్. వీ హావ్ ఆల్సో చెక్డ్ అండర్ ద ఫర్నిచర్. ప్లీజ్ అడ్వైజ్. లగేజెస్ బదులు బ్యాగ్స్ పెట్టా, రెండు కాబట్టి ఆర్ వచ్చింది. స్టాఫ్ గుంపు పేరు, ఒక్కొక్కరి గురించి చెప్పాలంటే ఎ స్టాఫ్ మెంబర్ అను. చివరి మాట దగ్గర చూడు, సలహా అనే మాట స్ తో అడ్వైస్, సలహా చెప్పడం అనే పని జ్ తో అడ్వైజ్, నువ్వు రాసిన గివ్ తర్వాత రావాల్సింది స్ ఉన్నది, దానికి ముందు యాన్ రాదు, నేను గివ్ తీసేసి జ్ ఉన్నది పెట్టా.

బ్యాగులు దొరికాయన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదని రాశావు. రేపు డ్యూటీకి వెళ్ళగానే అదే మెయిల్ కింద, అందరికీ వెళ్ళేట్టు ఈ ఒక్క లైను పంపు: బోత్ బ్యాగ్స్ వర్ ఫౌండ్ ఎట్ ద బెల్ డెస్క్ అండ్ రిటర్న్డ్ టు ద గెస్ట్.